టీమ్‌లోకి చూపు లేని టెస్టర్ వచ్చారు, వెనక సణుగుడు మొదలైంది. లీడ్‌గా నేను ఏమని జవాబు చెప్పాలి?

ప్రశ్న: పెన్నా ఒడ్డు, బెళ్లందూరు

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు. బెంగళూరు అవుటర్ రింగ్ రోడ్డు మీద, కాడుబీసనహళ్లి దగ్గర ఒక విదేశీ కంపెనీ టెక్నాలజీ కేంద్రంలో టెస్టింగ్ టీమ్‌కు లీడ్‌గా పనిచేస్తున్నాను. టీమ్‌లో సగానికి పైగా మన తెలుగువాళ్ళే. మిగిలినవాళ్ళలో కన్నడిగులు, తమిళులు ఉన్నారు, ఇంఫాల్ నుంచి వచ్చిన ఒక అమ్మాయి ఉంది. కంపెనీ పేరు చెప్పను, దయచేసి అడగవద్దు.

ఈ మధ్య మాకు కొత్త పోస్టు ఒకటి మంజూరైంది. దానికి ముందుగా మహిళల దరఖాస్తులు, వైకల్యం ఉన్నవారి దరఖాస్తులు చూడాలని, వాటిలో తగినవారు దొరకకపోతేనే మిగతావి తెరవాలని హెచ్‌ఆర్ నుంచి మెయిల్ వచ్చింది. ఇంటర్వ్యూలు మాత్రం ఎప్పటిలాగే జరిగాయి. ప్యానెల్‌లో నేనూ కూర్చున్నాను. ప్రశ్నలు తేలిక చేయలేదు, మార్కులు కలపలేదు. ఏపీఐ టెస్టింగ్‌లో (సాఫ్ట్‌వేర్ భాగాలు ఒకదానితో ఒకటి సరిగ్గా మాట్లాడుకుంటున్నాయో లేదో చూసే పనిలో) మంచి పట్టున్న ఒక యువకుడు ఎంపికయ్యారు. ఆయనకు పుట్టుకతోనే చూపు లేదు. చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని, తెర మీది మాటలను చదివి వినిపించే స్క్రీన్ రీడర్ సాఫ్ట్‌వేర్‌తో పని చేస్తారు. అది చదివే వేగం మొదటిసారి విన్నప్పుడు నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆయన దాన్ని వింటూనే మనతో మాట్లాడతారు, టైపు కూడా చేస్తారు.

చేరిన రోజు కేక్ కోయించారు, ఫొటోలు తీశారు, కంపెనీ లోపలి పేజీలో పెట్టారు. పెట్టే ముందు ఆయన్ని ఎవరూ అడగలేదు.

మొదటి సణుగుడు టీ యంత్రం దగ్గర విన్నాను. మా టీమ్‌లో ఒక అబ్బాయి గుంటూరులో తనతో చదువుకున్న స్నేహితుణ్ణి ఈ పోస్టుకే రిఫర్ చేశాడు. ఆ దరఖాస్తు ఎవరూ తెరవనే లేదు. "మగవాడిగా పుట్టడం, కళ్ళు బాగుండటం కూడా తప్పేనా అక్కా?" అన్నాడు. ఆ మాట నాకు గుచ్చుకుంది. కానీ ఆ అబ్బాయి చెడ్డవాడు కాదు. రాత్రి రిలీజ్ (సాఫ్ట్‌వేర్ విడుదల) ఉంటే ఎవరి పని మిగిలినా తానే కూర్చుని పూర్తి చేస్తాడు. దరఖాస్తు ఎందుకు పక్కన పెట్టారో అతనికి గానీ అతని స్నేహితుడికి గానీ ఒక్కరు కూడా చెప్పలేదు. "ఈసారికి ఎంపిక కాలేదు" అని అచ్చు మెయిల్ ఒకటి వెళ్ళింది, అంతే.

అదే నెలలో అందరూ తప్పనిసరిగా చూడవలసిన డైవర్సిటీ (పనిచోట అన్ని రకాల మనుషులకూ చోటివ్వడం) వీడియో పాఠం వచ్చింది. అమెరికాలో తీసినది. అందులోని మనుషులు, వాళ్ళ ఇబ్బందులు, వాళ్ళు ఆడుకునే ఆటలు అన్నీ అక్కడివే. మావాళ్ళు శబ్దం తీసేసి ఒక కిటికీలో దాన్ని నడవనిచ్చి ఇంకో కిటికీలో పని చేసుకున్నారు. చివరి ప్రశ్నలకు జవాబులు వాట్సాప్ గ్రూపులో తిరిగాయి. అందరికీ సర్టిఫికెట్లు వచ్చాయి, ఒక్క మా కొత్త సహోద్యోగికి తప్ప. ఆ ప్రశ్నల పేజీలో బటన్లకు పేర్లు పెట్టలేదు. స్క్రీన్ రీడర్‌కు అవన్నీ ఒట్టి "బటన్, బటన్" అనే వినబడతాయి. ఏది నొక్కాలో తెలియక ఆయన పాఠం ముగించలేకపోయారు. గడువు దాటిందని హెచ్చరిక మెయిల్ ఆయనకే వచ్చింది. ఈ విషయం మీద మాత్రం నేను హెచ్‌ఆర్ వాళ్ళతో గట్టిగా మాట్లాడాను. ఇప్పటికీ తలచుకుంటే ఒళ్ళు మండుతుంది.

ఇంకో రకం స్పందన ఉంది, అది జాలి. దాన్ని ఎదుర్కోవడం మరీ కష్టం. "పాపం, ఆయనకెందుకు శ్రమ" అని ఆయన వంతు పని పక్కవాళ్ళు చేసేస్తున్నారు. పేమెంట్ల భాగం లాంటి పెద్ద పనులు ఆయన దాకా రానివ్వరు. క్యాంటీన్‌కు వెళ్ళేటప్పుడు అడగకుండానే మోచెయ్యి పట్టుకుని లాక్కుపోతారు. ఒకరోజు ఆయనే నా దగ్గరికి వచ్చి, "మేడమ్, అప్రైజల్‌లో నేను ఏం చేశానని రాయాలి? నా చేతిలో చెప్పుకోదగ్గ పని ఏమీ లేదు" అన్నారు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది.

మా టికెట్ల (దొరికిన తప్పులను నమోదు చేసే పేజీల) సంగతి కూడా చెప్పాలి. బగ్, అంటే సాఫ్ట్‌వేర్‌లో తప్పు, కనబడితే స్క్రీన్‌షాట్ తీసి, దాని మీద ఎర్ర గీత ఒకటి గీసి, "ఇది చూడండి" అని టికెట్‌కు తగిలించడం మా దగ్గర అలవాటు. ఆయన ఉదయం మీటింగ్‌లో మర్యాదగానే అడిగారు: "బొమ్మ ఉంచండి, దాంతో పాటు ఏ పేజీలో ఉన్నారు, ఏం నొక్కారు, ఏం రావాలి, ఏం వచ్చింది అని నాలుగు ముక్కలు రాయండి. బొమ్మలో ఉన్నది నాకు తెలియదు కదా." ఎవరూ పైకి కాదనలేదు. మీటింగ్ అయ్యాక మాత్రం "ఒక్కరి కోసం అందరమూ వ్యాసాలు రాయాలా?" అని తెలుగులో అనుకున్నారు. ఆయనది బళ్ళారి, తెలుగు శుభ్రంగా వచ్చు. విన్నారు.

నన్ను లీడ్‌ను చేసినప్పుడు కూడా "ఆడవాళ్ళ లెక్క తక్కువైందట, అందుకే" అన్న మాట నా చెవిన పడింది. అంతకు ముందు ఏళ్ళ తరబడి చేసిన రాత్రి రిలీజులు, సెలవు రోజుల పని ఆ ఒక్క మాటతో తుడిచిపెట్టుకుపోయాయి. అందుకే ఈ సణుగుడు నాకు కేవలం టీమ్ సమస్యగా కనిపించడం లేదు.

నేను అడిగేది ఇది. ఈ మాటలకు అందరి ముందూ జవాబు చెప్పాలా, ఒక్కొక్కరినీ పిలిచి మాట్లాడాలా? చెబితే ఏం చెప్పాలి? కంపెనీ పోస్టర్ మీద ఉన్న మాటలు చెబితే ఎవరూ వినరు, నాకూ నోరు రాదు. నిజం చెప్పాలి, ఆయన మర్యాద పోకూడదు, ఆ గుంటూరు అబ్బాయి మనసు విరిగిపోకూడదు. ఇలాంటిది చూసినవాళ్ళు, ఏ వైపున ఉన్నవాళ్ళయినా, రాయండి.

జవాబు: తెల్లకర్ర, జయనగర

పెన్నా ఒడ్డు గారూ, మాది ఆదోని. నాకూ చూపు లేదు. ప్రభుత్వ రంగ బ్యాంకులో అధికారిని. మీ టీమ్‌లో చేరినవారి స్థానంలో నేను ఉన్నాననుకుని చదవండి.

ముందు చట్టం గురించి చెబుతాను, ఎందుకంటే "కంపెనీ దయతలచి ఇచ్చింది" అన్న ఊహ దగ్గరే సగం సణుగుడు పుడుతుంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చింది. అంతకు ముందున్న 1995 చట్టం 7 రకాల వైకల్యాలనే గుర్తించేది, ఇది 21 రకాలను గుర్తించింది. ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్ ఉంది. ప్రైవేటు కంపెనీలకు ఆ కోటా లేదు. కాబట్టి "కోటాలో వచ్చాడు" అన్న మాట మీ టీమ్ విషయంలో అసలు పొసగదు. కానీ ప్రతి సంస్థా సమాన అవకాశాల విధానం ఒకటి రాసి ప్రకటించాలి. 20 మంది, అంతకంటే ఎక్కువ మంది పనిచేసే ప్రైవేటు సంస్థ అయితే ఏ పోస్టులు ఎవరికి అనువైనవో, ఎంపిక ఎలా చేస్తారో, ఏ సదుపాయాలు ఇస్తారో అందులో రాయాలి, ఈ పనులు చూసేందుకు ఒక అధికారిని నియమించాలి. మీ కంపెనీలో ఆ అధికారి ఎవరో అడగండి. వీడియో పాఠం పేజీని సరిచేయించే బాధ్యత ఎవరిదో అప్పుడు తేలుతుంది. అది మీ కొత్త సహోద్యోగి బతిమాలి సాధించుకోవలసిన పని కాదు.

ఇక జాలి. అండీ, ఇది మాకు తిట్టు కంటే నష్టం చేస్తుంది. తిట్టినవాడి మీద ఫిర్యాదు చేయవచ్చు. "నువ్వు కూర్చో, నేను చేసేస్తాను" అన్నవాడి మీద ఏమని ఫిర్యాదు చేస్తాం? నేను చేరిన మొదటి శాఖలో మేనేజరు గారు చాలా మంచివారు. నా చేత ఫోన్లు ఎత్తించేవారు, అంతే. రుణాల దరఖాస్తులు నా బల్ల దాకా వచ్చేవి కావు. పదోన్నతి పరీక్షకు కూర్చుంటే రుణాల మీదే ప్రశ్నలు. నా జూనియర్లు ఆ పని చేస్తూ నేర్చుకున్నారు, నేను పుస్తకంలో చదివి నేర్చుకున్నాను. తరువాత వచ్చిన మేనేజరు నాతో ముక్కుసూటిగా మాట్లాడేవారు. "ఈ ఫైలు నీది. తప్పు వస్తే నిన్నే అడుగుతాను. ఏం కావాలో చెప్పు" అన్నారు. స్కాన్ చేసిన కాగితాలు చదివే సాఫ్ట్‌వేర్ కావాలన్నాను. తెప్పించారు. నేను ఉద్యోగం చేయడం మొదలైంది ఆ రోజు నుంచే అని చెబుతాను.

కాబట్టి మీరు మొదట చేయవలసింది ఉపన్యాసం కాదు. పేమెంట్ల భాగంలో ఒక ముక్క ఆయన పేరు మీద రాయండి. గడువు అందరికీ ఉన్నదే పెట్టండి. తప్పు దొరికితే మిగతావాళ్ళతో ఎలా మాట్లాడతారో అలాగే మాట్లాడండి. ఆయన పట్టుకున్న బగ్‌లు టికెట్లలో కనబడతాయి. గుంటూరు అబ్బాయికి అవే చెబుతాయి.

మోచెయ్యి విషయం: ఎప్పుడూ మీరు ఆయన చెయ్యి పట్టుకోవద్దు. "రమ్మంటారా?" అని అడిగితే, కావాలనుకుంటే ఆయనే మీ మోచెయ్యి పట్టుకుంటారు. అప్పుడు మీ అడుగును బట్టి మెట్టు ఉందో పల్లం ఉందో ఆయనకు తెలుస్తుంది. మీరు లాగితే ఏమీ తెలియదు, పడిపోతారు.

ఇంకొక మాట, మీరు అడగలేదు గానీ చెబుతాను. అవుటర్ రింగ్ రోడ్డు మీద మెట్రో పనులకు కాలిబాటలు తవ్వేశారు. చూపున్నవాళ్ళే అక్కడ తడబడుతున్నారు. ఊదా రంగు మెట్రో లైనులో స్టేషన్ల పేర్లు వినబడతాయి, నేల మీద గరుకు పలకలు ఉంటాయి, దాంట్లో నేను హాయిగా తిరుగుతాను. మీ వైపు ఇంకా అది లేదు. ఆయన ఉదయం పూట ఆలస్యంగా వస్తుంటే ముందుగా ఆఫీసు క్యాబ్ ఆయన్ని గేటు లోపల దించుతోందా, రోడ్డు మీద దించుతోందా కనుక్కోండి.

జవాబు: కోలారు బస్సు, వైట్‌ఫీల్డ్

నేను ఆ గుంటూరు అబ్బాయి వైపు నుంచి రాస్తున్నాను. తిట్టుకున్నా ఫరవాలేదు.

నాకు పదోన్నతి రావలసిన ఏడాది మా మేనేజరు, "ఈసారి సీనియర్ స్థాయిలో మహిళల సంఖ్య పెంచాలని పైనుంచి వచ్చింది, నువ్వు వచ్చే ఏడు చూసుకో" అని నడవాలో నిలబడి చెప్పారు. ఎక్కడా కాగితం మీద లేదు. ఆమెకు నాకంటే అర్హత ఉందో లేదో నేను తేల్చలేను, బహుశా ఉందేమో. కానీ నాకు అలా చెప్పడం వల్ల ఏం జరిగింది? ఆమెతో పని చేసిన రోజులన్నీ నా మనసులో ఆ నడవా మాటే తిరిగింది. ఆమెకు అన్యాయం, నాకూ అన్యాయం. ఆమె పని బాగుంది కాబట్టి ఇచ్చామని చెప్పే ధైర్యం ఆ మేనేజరుకు ఉండి ఉంటే నేను బాధపడేవాణ్ణి, కానీ గౌరవించేవాణ్ణి. నాకు నా లోపం తెలిసేది, దిద్దుకునేవాణ్ణి.

రిఫరల్ విషయమూ అంతే. మా దగ్గర మహిళా అభ్యర్థిని రిఫర్ చేస్తే బోనస్ ఎక్కువ. ఎందుకు ఎక్కువో ఎవరూ చెప్పరు. మా నాన్న కోలారు దగ్గర టమాటా రైతు. నేను ప్రభుత్వ పాఠశాలలో కన్నడ మాధ్యమంలో చదువుకున్నాను, ఇంట్లో తెలుగు, ఇంగ్లీషు ఇంజనీరింగ్‌లోనే నేర్చుకున్నాను. నా కష్టం ఏ పట్టికలోనూ లేదు. ఈ నగరంలో పెద్ద బడిలో చదివి, కారులో దిగే అమ్మాయికి డైవర్సిటీ కింద ముందు వరుస వస్తే నాకు కడుపు మండదా? మండుతుంది. వైకల్యం ఉన్నవారి విషయంలో నాకు ఏ అభ్యంతరమూ లేదు. నియమం ఏమిటో ముందే చెప్పండి, అందరికీ ఒకేలా చెప్పండి, అంతవరకే నేను అడిగేది.

జవాబు: పాత హెచ్‌ఆర్, మల్లేశ్వరం

పెన్నా ఒడ్డు అమ్మా, నేను ఇదే ఊళ్ళో సిబ్బంది విభాగంలో పనిచేసి విరమించాను. పీన్యా కార్ఖానాల్లో మొదలుపెట్టి సాఫ్ట్‌వేర్ కంపెనీలో ముగించాను.

తప్పనిసరి పాఠాల సంగతి మీ ఆఫీసుది మాత్రమే కాదు. ఫ్రాంక్ డాబిన్, అలెగ్జాండ్రా కాలెవ్ అనే ఇద్దరు సామాజిక శాస్త్రవేత్తలు అమెరికాలో కొన్ని వందల కంపెనీల దశాబ్దాల లెక్కలు తీసి చూశారు. 2016లో వాళ్ళు రాసినదాని ప్రకారం, మేనేజర్లకు ఈ శిక్షణను తప్పనిసరి చేసిన కంపెనీల్లో 5 ఏళ్ళ తరువాత మేనేజర్లలో నల్లజాతి మహిళల వాటా పెరగకపోగా సగటున 9 శాతం తగ్గింది. బలవంతంగా కూర్చోబెట్టి "నువ్వు ఇలా ఆలోచించాలి" అంటే మనిషి ఎదురు తిరుగుతాడు. అదే శిక్షణకు ఇష్టపడి వచ్చినవాళ్ళున్నచోట, పైవాళ్ళు ఒక్కొక్కరు ఒక్కో కొత్త ఉద్యోగి ఎదుగుదల బాధ్యత తీసుకున్నచోట ఫలితాలు బాగున్నాయి. నేను నా ఉద్యోగంలో చూసింది కూడా ఇదే. కార్ఖానాలో ముసలి ఫిట్టర్ ఒకాయన "ఆడపిల్లలకు లేత్ యంత్రం ఏమిటి" అని గొడవ చేసేవాడు. శిక్షణకు పంపితే తలుపు దగ్గర కూర్చుని లేచిపోయాడు. ఒక ఐటీఐ పిల్లను ఆయన కిందే అప్రెంటిస్‌గా వేశాం. ఏడాది తిరిగేసరికి ఆ పిల్ల పనిని ఎవరైనా ఒక మాట అంటే ఆయనే కొట్టడానికి వెళ్ళేవాడు.

అందుకని, గుంటూరు అబ్బాయిని శత్రువుల లెక్కలో వేయకమ్మా. రాత్రి మిగిలిన పని ముగించే మనిషి అన్నావు. ఆ పేమెంట్ల పనిలో వాళ్ళిద్దరినీ జోడీగా వెయ్యి. ఉపదేశం ఏమీ చేయవద్దు.

కోలారు బస్సు బాబూ, నీ కోపం నాకు అర్థమైంది. నడవాలో ఆ మాట చెప్పిన మేనేజరు ముమ్మాటికీ తప్పు చేశాడు. కానీ ఒకటి విను. ఆడవాళ్ళను రిఫర్ చేస్తే బోనస్ ఎక్కువ ఎందుకంటే మగపిల్లలు రిఫర్ చేసేది తమ హాస్టల్ గది స్నేహితులను. ఆ గదుల్లో ఆడపిల్లలు లేరు. నూరు మంది మగవాళ్ళున్న టీమ్‌లో రిఫరల్ మీదే నియామకాలు జరిగితే నూటొకటో మనిషి కూడా మగవాడే వస్తాడు, ఎవరి మనసులోనూ చెడు లేకపోయినా సరే. నీ టమాటా తోట కథ కూడా రిఫరల్‌తో ఓడిపోయేదే. కోలారు పల్లె నుంచి వచ్చిన నిన్ను మొదటి ఉద్యోగానికి రిఫర్ చేసేవాళ్ళు ఎవరున్నారు చెప్పు? పల్లె, ప్రభుత్వ బడి, మాతృభాషా మాధ్యమం, ఇవి పట్టికలో చేరాలని అడిగితే నేను నీ పక్కన నిలబడతాను. ఆ అమ్మాయి పేరు పట్టికలోంచి తీసేయమంటే నిలబడను.

విధానం కాగితం మీద ఉన్నా భయంతో వాడుకోని సందర్భాలు కూడా ఉన్నాయి. ప్రసూతి సెలవును 2017లో 12 వారాల నుంచి 26 వారాలకు పెంచారు. 50 మంది, అంతకు పైన ఉన్న సంస్థలో పిల్లల సంరక్షణ కేంద్రం ఉండాలని, తల్లి రోజుకు 4 సార్లు వెళ్ళి బిడ్డను చూసుకోవచ్చని అప్పుడే చేర్చారు. ఆ 4 సార్లు లేచి వెళ్ళే తల్లులను నేను చాలా తక్కువగా చూశాను. లేచినప్పుడల్లా వెనక గడియారం చూసేవాళ్ళుంటే ఎవరు లేస్తారు? ఇక్కడి మంత్రివర్గం 2025 అక్టోబరులో నెలకు ఒకటి చొప్పున ఏడాదికి 12 రోజులు జీతంతో బహిష్టు సెలవు ఇవ్వాలని ఆమోదించినప్పుడు నా మేనకోడలు అన్నది, "అత్తా, మంచిదే. కానీ ఆ సెలవు పెట్టాలంటే మా మేనేజరుకు నా తారీఖు తెలియాలి కదా" అని. ఆ పిల్ల అడిగిన దానికి పోస్టర్లలో జవాబు ఉండదు. మీలాంటి లీడ్‌లు ఎలా నడుచుకుంటారన్న దాన్ని బట్టే ఆ సెలవు ఉన్నట్టో లేనట్టో తేలుతుంది.

ఒక హెచ్చరిక కూడా చేస్తాను. 2025 జనవరిలో అమెరికాలో కొత్త ప్రభుత్వం డైవర్సిటీ కార్యక్రమాలకు వ్యతిరేకంగా ఉత్తర్వులు తెచ్చింది. ఆ తరువాత చాలా పెద్ద కంపెనీలు తమ లక్ష్యాలను తగ్గించుకున్నాయి. రేపు మీ విదేశీ ప్రధాన కార్యాలయం తన డైవర్సిటీ పేజీ తీసేయవచ్చు. అప్పుడు మీవాళ్ళలో కొందరు "ఇక అయిపోయింది" అంటారు. వైకల్యం ఉన్నవారి చట్టం, పనిచేసేచోట లైంగిక వేధింపుల మీద 2013 చట్టం, ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల రక్షణకు 2019 చట్టం, ఇవన్నీ ఇక్కడివి. అక్కడ పేజీ తీసేస్తే ఇక్కడి బాధ్యత తీరదు. ఇది నీ మేనేజరుకు ముందే చెప్పి ఉంచు.

జవాబు: కోలారు బస్సు, వైట్‌ఫీల్డ్

అమ్మా, రిఫరల్ గురించి మీరు చెప్పినది నేను ఎప్పుడూ ఆ వైపు నుంచి ఆలోచించలేదు. నన్ను మొదటి ఉద్యోగానికి నిజంగానే ఎవరూ రిఫర్ చేయలేదు. పదోన్నతి విషయంలో మాత్రం నా అభిప్రాయం మారదు. కారణం రాతపూర్వకంగా ఇవ్వాలి.

జవాబు: చీరాల గాలి, కె.ఆర్. పురం

ఈ చర్చలో ఇంతవరకు ఎవరూ ఎత్తని విషయం ఒకటి ఉంది. పెన్నా ఒడ్డు గారు సగం మంది తెలుగువాళ్ళని రాశారు కాబట్టి ఎత్తుతున్నాను.

నేను దళితుణ్ణి. బెంగళూరులో చేరిన ప్రతి కంపెనీలోనూ మొదటి వారంలో నాకు ఎదురైన ప్రశ్న ఇంటిపేరు గురించి. "ఇంటిపేరు ఏమిటి? చీరాలలో ఎక్కడ? ఏ వీధి? ఫలానావాళ్ళు తెలుసా?" చివరికి, "ఇంతకీ మీరేమిట్లు?" అని, అంటే కులం ఏమిటని. అడిగేది కన్నడిగులు కాదు, తమిళులు కాదు, మనవాళ్ళే. తెలుగువాడు కనబడ్డాడన్న ఆప్యాయతతోనే మొదలవుతుంది. జవాబు విన్నాక ముఖంలో ఒక చిన్న మార్పు వస్తుంది, తరువాత మధ్యాహ్నం భోజనానికి పిలుపు రాదు. దీని మీద ఏ ఫిర్యాదు పెట్టాలి? ఎవరూ ఏమీ అనలేదు కదా. కానీ కొత్త ప్రాజెక్టులో ఖాళీ ఉందన్న కబురు, అమెరికా వెళ్ళే అవకాశం, మేనేజరు మనసులో మాట, అన్నీ ఆ భోజనాల దగ్గరే తెలుస్తాయి.

కంపెనీ డైవర్సిటీ పత్రంలో లింగం ఉంటుంది, వైకల్యం ఉంటుంది, లైంగికత ఉంటుంది. కులం అన్న మాట నాకు చాలాచోట్ల కనబడలేదు. రాసేవాళ్ళు విదేశంలో కూర్చుని రాస్తారు, ఇక్కడివాళ్ళు అనువదిస్తారు. అమెరికాలో సియాటిల్ నగరం మాత్రం 2023లో కుల వివక్షను నిషేధిస్తూ చట్టం చేసింది.

"మెరిట్" అంటున్నవాళ్ళకు ఒక లెక్క చెబుతాను. సుఖదేవ్ థోరట్, పాల్ అట్‌వెల్ అనే పరిశోధకులు 2007లో ఒక అధ్యయనం ప్రచురించారు. మన దేశంలోని ప్రైవేటు ఉద్యోగ ప్రకటనలకు ఒకే అర్హతలున్న దరఖాస్తులను వేర్వేరు పేర్లతో పంపారు. అగ్రకులాల పేర్లతో పోలిస్తే దళితుల పేర్లున్నవాటికి పిలుపు వచ్చే అవకాశం సుమారు మూడింట రెండు వంతులే, ముస్లిం పేర్లున్నవాటికి సుమారు మూడింట ఒక వంతే. అప్పటికి ఇంటర్వ్యూ జరగలేదు, మనిషి ముఖం చూడలేదు. పేరు దగ్గరే కోత పడింది. గుంటూరు అబ్బాయి స్నేహితుడి దరఖాస్తు తెరవలేదని బాధపడుతున్నారు. ఆ బాధ నిజమే. మా దరఖాస్తులు ఎన్ని తెరవకుండా పోయాయో ఒకసారి ఆ అబ్బాయి ఆలోచించగలిగితే చాలు.

లీడ్‌గా మీరు చేయగలిగినది ఒకటి ఉంది. మీటింగ్ గదిలోనూ, మీటింగ్ అయ్యాక పని మాటల్లోనూ అందరికీ తెలిసిన భాషే వాడాలని మీరు మొదలుపెట్టండి. తెలుగు మీద నాకు ద్వేషం లేదు, ఇంట్లో మా పిల్లలకు తెలుగు రాయడం నేనే నేర్పుతున్నాను. కానీ ఆఫీసులో ఆ తెలుగు గుంపు ఇంఫాల్ అమ్మాయిని ఒక రకంగా, నన్ను ఇంకో రకంగా బయట నిలబెడుతుంది. మీ బళ్ళారి సహోద్యోగి విన్న మాట కూడా తెలుగులోనే కదా అన్నది. ఎవరైనా కొత్తవారిని ఇంటిపేరు కూపీ లాగుతుంటే, "ఆ సంగతి మనకు ఎందుకండీ?" అని మీరు అక్కడే అనండి. పై కులంలో పుట్టిన లీడ్ ఆ మాట అన్నప్పుడు పని చేసినంతగా నేను అన్నప్పుడు చేయదు.

పెన్నా ఒడ్డు, బెళ్లందూరు

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. కొన్ని మొదలుపెట్టాను, చెబుతాను.

పేమెంట్ల భాగంలో డబ్బు వాపసు ఇచ్చే ప్రక్రియ మొత్తం ఆయన పేరు మీద రాశాను, జోడీగా గుంటూరు అబ్బాయిని వేశాను. దానికి ముందు ఆ అబ్బాయిని విడిగా కూర్చోబెట్టి నియామకం ఎలా జరిగిందో ఉన్నదున్నట్టు చెప్పాను. ముందు ఏ దరఖాస్తులు చూడమన్నారు, ఎంతమందిని ఇంటర్వ్యూ చేశాం, ప్రశ్నలు ఏమిటి, అన్నీ. "ఇది ముందే చెప్పి ఉంటే నా స్నేహితుడికి ఆశ పెట్టేవాణ్ణి కాదు కదా అక్కా" అన్నాడు. ఆ మాట నిజం. నియమాన్ని పోస్టు ప్రకటనలోనే రాయాలని హెచ్‌ఆర్‌కు మెయిల్ పెట్టాను. కోలారు బస్సు గారూ, మీ మాటనే అందులో రాశాను, కారణం రాతపూర్వకంగా ఇవ్వాలని.

టికెట్ నమూనా మార్చేశాం. ఆ నాలుగు గళ్ళు నింపకపోతే టికెట్ తెరుచుకోదు. మొదట్లో గొణిగారు. ఇప్పుడు పుణెలో ఉండే డెవలపర్లు ప్రశ్నలు అడుగుతూ తిప్పి పంపే టికెట్లు బాగా తగ్గాయి. పాత బగ్‌లు వెతకడానికీ సులువైంది, బొమ్మలో ఉన్న మాటను వెతకలేం కదా. దీన్ని ఎవరి కోసం చేశామన్న మాట టీమ్‌లో ఎవరూ ఎత్తడం లేదు.

తెల్లకర్ర గారూ, క్యాబ్ నిజంగానే రోడ్డుకు అవతలి వైపు దించుతోంది. ఆయన ఎప్పుడూ చెప్పలేదు, మీరు రాశాక అడిగితే చెప్పారు. రవాణా విభాగంతో మాట్లాడి గేటు లోపల దించేలా చేయించాను. సమాన అవకాశాల విధానం అధికారి ఎవరని అడిగితే మాత్రం ఇంతవరకు ముగ్గురి దగ్గరికి పంపారు. అడుగుతూనే ఉన్నాను. వీడియో పాఠం గడువు హెచ్చరికను రద్దు చేశారు, పేజీ ఇంకా సరిచేయలేదు.

చీరాల గాలి గారూ, మీరు రాసినది చదివి చాలాసేపు ఏ పనీ చేయలేకపోయాను. మీటింగుల్లో, మీటింగుల తరువాత పని మాటల్లో అందరికీ తెలిసిన భాషే అని టీమ్‌కు చెప్పాను, కారణం కూడా చెప్పాను. ఇంటిపేరు కూపీ మా భోజనాల బల్ల దగ్గర నిన్ననే ఎదురైంది. కొత్తగా చేరిన ఒంగోలు అబ్బాయిని ఒక సీనియరు అడగబోతుంటే మీరు చెప్పిన మాటే అన్నాను. ఆయన నొచ్చుకున్నారు. సాయంత్రం నా దగ్గరికి వచ్చి "నేను మామూలుగానే అడిగాను" అన్నారు. మాట్లాడాలి, ఇంకా కూర్చోలేదు. ఆయనతో ఎలా మొదలుపెట్టాలో మీకు తోచింది రాయండి, ఈ శుక్రవారం లోపు అయితే మేలు.